గడప రంగు, గేటు రంగు: పిల్లలున్న ఇంట్లో ఏది వేయాలి?

పండుగకో, పెళ్ళికో, అమ్మాయి పురిటికి వస్తోందనో ఇంటికి రంగులు వేయించాలనుకున్నప్పుడు మీరు మొదట పెయింటర్ని పిలుస్తారు, తరువాత రంగుల కొట్టుకు వెడతారు. "ఎండకీ వానకీ ఆగే రంగు ఏదండీ?" అన్నదే అక్కడ మీరు వేసే ప్రశ్న. డాక్టర్ని ఎవరూ అడగరు. వీధి తలుపు రంగుకీ వైద్యానికీ సంబంధం ఏమిటని అనిపించటం సహజమే. కాని ఆరుబయట ఉండే కర్రకు మీరు ఏం పూస్తారన్నది, ఆ కర్ర ఎన్నేళ్ళు నిలుస్తుందన్న దానితోపాటు మీ ఇంట్లో పాకే బిడ్డ కడుపులోకి ఏం పోతుందన్నది కూడా నిర్ణయిస్తుంది.

ఈ సంగతి మొదట బయటపడింది ఆస్ట్రేలియాలో. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, బ్రిస్బేన్ నగరంలో, ఇళ్ళు చాలావరకు కర్రతో కట్టినవి. ముందు విశాలమైన వరండా, దానికి కర్ర కటకటాలు. మన కోస్తా జిల్లాల్లో ఉండే ఎండలాంటిదే అక్కడా. పందొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో అక్కడి పిల్లల ఆస్పత్రికి విచిత్రమైన లక్షణాలతో పిల్లలు వచ్చేవారు. కడుపునొప్పి, వాంతులు, రక్తం తగ్గి పాలిపోవటం, పాదం పైకి లేవక ఈడ్చుకుంటూ నడవటం. కొందరికి చూపు మందగించేది, మెల్లకన్ను వచ్చేది. అది సీసం విషమని జెఫెరిస్ టర్నర్ అనే డాక్టరు 1892 నాటికే చెప్పాడు. కాని సీసం ఎక్కడినుంచి వస్తోంది? నీళ్ళ తొట్ల నుంచా, వంట పాత్రల నుంచా, పిల్లల మిఠాయిల నుంచా అని వెతికారు.

లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు 1904లో జవాబు చెప్పాడు. వరండా కటకటాల నుంచి! ఆ రోజుల్లో కర్రకు వేసే తెల్లరంగు సీసంతో చేసిన సఫేదా. ఎండకు ఆ రంగు పైపొర చిట్లి మెత్తని పిండిలా అవుతుంది. పిల్లలు కటకటాలు పట్టుకుని ఆడతారు. చెమట చేతికి పిండి అంటుకుంటుంది. ఆ చెయ్యి నోట్లోకి పోతుంది. వేలు చీకే పిల్లలకూ, గోళ్ళు కొరికే పిల్లలకూ జబ్బు ఎక్కువగా రావటానికి కారణం అదే. గిబ్సన్ మాట నమ్మటానికి చాలామందికి చాలాకాలం పట్టింది. చివరకు 1922లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం పిల్లలకు అందే చోట సీసపు రంగు వాడకూడదని చట్టం చేసింది. అమెరికాలో ఇళ్ళకు సీసపు రంగులు నిషేధించింది 1978లో. అంటే మొదటి డాక్టరు చెప్పిన మాటకూ అమెరికా చట్టానికీ మధ్య ఎంతమంది పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయ్యారో ఊహించుకోండి.

మన గడప సంగతి

మనకు వరండా కటకటాలకంటె ముఖ్యమైనది ఒకటుంది. గడప. పూర్వం ప్రతి శుక్రవారం గడప కడిగి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవారు. ఇప్పటికీ చాలా ఇళ్ళలో పెడుతున్నారు. కాని చాలా ఇళ్ళలో ఆ పని తేలిక చేసుకోవటానికి గడపకు పసుపుపచ్చ ఎనామిల్ పెయింటు వేయించి, దానిమీద ఎర్ర పెయింటుతో బొట్లు, తెల్ల పెయింటుతో ముగ్గు వేయించేస్తున్నారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, ఏడాదిపాటు చెక్కుచెదరదు కూడా.

ఇబ్బందల్లా ఆ పసుపుపచ్చలో ఉంది. ఎనామిల్ రంగుల్లో నిగనిగలాడే పసుపు, నారింజ, ఎరుపు రంగులు చాలాకాలంపాటు లెడ్ క్రోమేట్‌తోనే వచ్చేవి. అది సీసమూ క్రోమియమూ కలిసిన పదార్థం. రంగు గాఢంగా ఉంటుంది, చౌక, ఎండకు త్వరగా వెలవదు. వ్యాపారికి ఇంతకంటె ఏం కావాలి? కాని గడపమీద ఎవరు కూర్చుంటారు? ఎవరు దాన్ని పట్టుకుని లేచి నిలబడతారు? ఎవరు దాటలేక దానిమీద పొట్ట ఆనించి పాకుతారు? పళ్ళు వచ్చే వయసులో గడపనీ, మంచం పట్టెనూ, ఉయ్యాల బల్లనూ కొరకని బిడ్డ ఉండదు. పైగా గడప రోజుకు వందసార్లు పాదాల కింద అరిగే చోటు. అరిగిన రంగు ఎక్కడికీ పోదు, గది నేలమీదే ధూళిగా పడి ఉంటుంది.

పసుపు రాసుకుంటే ఏ బాధా లేదు, అయితే అది అసలు పసుపై ఉండాలి. బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములు మెరవటానికి ఇదే లెడ్ క్రోమేట్ పూస్తున్నట్టు 2019లో పరిశోధకులు బయటపెట్టారు. అంచేత గడపకైనా కూరకైనా కొమ్ములు కొని పట్టించుకునేవారు కూడా కళ్ళు జిగేలుమనే పసుపు కొమ్ముకు ఆశ పడవద్దు.

సీసం పెద్దవాళ్ళకంటె పిల్లలకు ఎందుకు ప్రమాదమో రెండు మాటలు చెప్పాలి. పెద్దవాళ్ళు మింగిన సీసంలో నూటికి సుమారు పది వంతులు ఒంటికి పడితే, పసిపిల్లలకు నూటికి నలభై, యాభై వంతులు పడుతుంది. ఖాళీ కడుపుతో ఉన్నా, ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువగా ఉన్నా ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. మన పిల్లల్లో రక్తహీనత ఎంత ఎక్కువో మీకు తెలుసు. లోపలికి పోయిన సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి దాక్కుంటుంది. ఆడపిల్ల పెద్దదై గర్భవతి అయినప్పుడు ఎముకల నుంచి కాల్షియంతోపాటు బయటికి వచ్చి కడుపులోని బిడ్డకూ చేరుతుంది.

బ్రిస్బేన్ పిల్లలకు వచ్చినట్టు కాళ్ళు పడిపోయేంత విషం ఇప్పుడు అరుదు. మోసం అంతా అక్కడే. తక్కువ మోతాదులో పైకి ఏ జబ్బూ కనిపించదు. పిల్లవాడికి చదువు తలకెక్కదు, ఒకచోట కుదురుగా కూర్చోడు, చిరాకు పడతాడు, ఆకలి లేదంటాడు, మలబద్ధం, అప్పుడప్పుడు కడుపునొప్పి. తల్లి నులిపురుగులనుకుంటుంది, మాస్టారు మొద్దనుకుంటాడు. ఇంత సీసం వరకు ఫరవాలేదని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది.

డబ్బామీద ఏం చదవాలి?

మన దేశంలో ఇళ్ళకు వాడే రంగులలో సీసం 90 పి.పి.ఎం. మించకూడదని 2016లో నిబంధనలు చేశారు. అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 90 పి.పి.ఎం. అంటే కిలో రంగులో 90 మిల్లీగ్రాములు. ఆ మాట డబ్బామీద అచ్చువేయటం తప్పనిసరి. మీరు కంపెనీ పేరూ, ధరా, మెరుపూ చూసేముందు డబ్బా తిప్పి ఆ 90 అంకె ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడే పెట్టేయండి. ఈ నిబంధన వచ్చిన తరువాత కూడా బజారులో కొన్ని డబ్బాలలో సీసం పరిమితికి మించి ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. కనుక ఊరూ పేరూ లేని చౌకరకం, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, కొనకపోవటమే మంచిది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ నిబంధన ఇళ్ళ రంగులకే. యంత్రాలకూ, కార్ఖానాలకూ వేసే రంగులకు వర్తించదు. "సార్, మా బావమరిది లారీ షెడ్డులో పని చేస్తాడు, బ్రహ్మాండమైన రంగు మిగిలింది, గేటుకి వేయించండి, పదేళ్ళు ఊడదు" అని ఎవరైనా సలహా ఇస్తే మర్యాదగా వద్దనండి. ఊడకపోవటం నిజమే కావచ్చు. పిల్లలెక్కి ఊగే గేటుకు మాత్రం అది తగదు.

పాతరంగు గీకేటప్పుడు

కొత్త డబ్బా సంగతి సరే. మీ ఇల్లు 2017కు ముందు కట్టినదైతే, తలుపులమీద పొరలు పొరలుగా ఉన్న పాతరంగులో సీసం ఉందనే అనుకుని పని చేయించండి. నా ఉద్దేశంలో ఇంట్లో రంగు ఉన్నన్నాళ్ళ ప్రమాదం ఒక ఎత్తు, దాన్ని గీకించే రెండు రోజుల ప్రమాదం ఒక ఎత్తు.

మామూలుగా ఏం జరుగుతుంది? పెయింటరు వస్తాడు. పొడి గరుకు కాగితంతో తలుపంతా రుద్దుతాడు. మొండిరంగైతే బ్లోలాంపుతో కాల్చి గీకుతాడు. పొడి అంతా వరండా నిండా లేస్తుంది. సాయంత్రం పనిమనిషి చీపురుతో ఊడ్చి తులసికోట పక్కనో కరివేపాకు మొక్క మొదట్లోనో పోస్తుంది. పిల్లలు ఆ పక్కనే ఆడుకుంటూ ఉంటారు. గర్భవతి అయిన కూతురు కుర్చీ వేసుకుని కూర్చుని పని చూస్తూ ఉంటుంది. పురిటికి వచ్చే అమ్మాయికోసం చేయించే పని ఆ అమ్మాయి వచ్చాక చేయించటం కంటె పొరపాటు లేదు. ఆమె రాకముందే పని పూర్తి చేయించి, ఇల్లు తడిగుడ్డతో తుడిపించి ఉంచండి.

పాతరంగు గట్టిగా అంటిపెట్టుకుని ఉంటే గీకించనే వద్దు. సబ్బునీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, దానిమీదే ప్రైమరూ కొత్తరంగూ వేయించండి. సీసం లోపల మూతపడి ఉంటుంది. కాని తలుపు అంచులూ, కిటికీ రెక్కలు రాసుకునే చోట్లూ, గడపా ఇలా మూసినా మళ్ళీ అరుగుతాయి. అక్కడ తీయించక తప్పదు. తీసేటప్పుడు నీళ్ళు చల్లుతూ వాటర్ పేపరుతో తడిగా రుద్దించండి. మంటతో కాల్చనివ్వవద్దు. ఆ వేడికి సీసం పొగగా లేచి పెయింటరు ఊపిరితిత్తుల్లోకి నేరుగా పోతుంది. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, రాలినదంతా దానిలోనే మూటకట్టి పారవేయాలి. తరువాత చీపురు కాకుండా సబ్బునీళ్ళలో ముంచిన తడిగుడ్డతో రెండుమూడుసార్లు తుడవాలి. పెయింటరు కూడా ఒక ఇంటి బిడ్డల తండ్రే. ముక్కుకు మాస్కు ఇవ్వండి, భోజనానికి ముందు సబ్బు ఇవ్వండి, పనిబట్టలు మార్చుకుని ఇంటికి వెళ్ళమనండి. ఆ బట్టలతో వెడితే ధూళి వాళ్ళింటి పిల్లలకు చేరుతుంది.

పీకేసిన పాత తలుపు రెక్కలూ, కిటికీ చట్రాలూ ఏం చేస్తున్నారు? నీళ్ళ పొయ్యిలో పెడుతున్నారు, లేదా సంక్రాంతి దాకా అటకమీద దాచి భోగిమంటలో వేస్తున్నారు. రంగువేసిన కర్ర భోగిమంటకు పనికిరాదు. చుట్టూ చలికాచుకుంటూ నిలబడేది పిల్లలే. ఆ బూడిదతో గిన్నెలు తోమటం మరీ అన్యాయం.

పిల్లవాడు పాతరంగు పెచ్చులు తిన్నాడని తెలిసినా, ఇంట్లో గీకుడు పని జరిగాక కడుపునొప్పి, మలబద్ధం, పాలిపోవటం కనిపించినా డాక్టరుకు ఆ సంగతి విడమరచి చెప్పండి. మీరు చెప్పకపోతే డాక్టరుకు సీసం తోచదు. రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష ఉంది. వేలిని పొడిచి తీసిన రక్తంలో చర్మానికి అంటిన ధూళివల్ల తప్పు ఫలితం రావచ్చు, నరం నుంచి తీసిన రక్తం నమ్మదగినది. డెసిలీటరు రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములకు చేరితే అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలి. 45 దాటితే సీసాన్ని బయటికి లాగే మందులు ఆస్పత్రిలో ఇస్తారు. ఆ లోపు మందుకంటె ముఖ్యం మూలం తీసివేయటమే. పాలు, రాగి జావ, ఆకుకూరలు వేళకు పెట్టండి. కడుపు ఖాళీగా ఉంచకండి.

మరి ఏది వేయాలి?

ఆరుబయట కర్రను పాడుచేసేవి ఎండా, తడీ. ఎండ కర్రనారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే బంకను విరగ్గొడుతుంది, పైపొర బూడిదరంగుకు తిరుగుతుంది. తేమ నూటికి 20 వంతులు దాటితే బూజు చేరి పుచ్చటం మొదలవుతుంది. ఈ రెండింటిలో ఎండను ఆపేది రంగులోని పొడే, నూనె కాదు. అందుకే అద్దంలా మెరిసే తెల్లవార్నీషు వీధివైపు ఎండపడే తలుపుకు వేస్తే ఏడాది, రెండేళ్ళలో పెళుసెక్కి పెచ్చులూడుతుంది. టేకు నగిషీ కనపడాలన్న మోజుతో చాలామంది దానిమీదే డబ్బు పోస్తారు. వరండా లోపల, నీడలో ఉన్న తలుపుకైతే సరే.

ఎండా వానా నేరుగా తగిలే గేటుకూ, కటకటాలకూ రంగే మంచిది. సింథటిక్ ఎనామిల్ మనకు అలవాటైనది. ప్రైమరు ఒక పూత, లప్పం అవసరమైన చోటే, పైన రెండు పూతలు వేస్తే మూడునాలుగేళ్ళు ఆగుతుంది. అయితే ఎండకు బిరుసెక్కి పిండి రాలుతుంది. నీళ్ళలో కలిపే యాక్రిలిక్ రకాలు కర్రతోపాటు సాగుతాయి, పిండి కావటం తక్కువ, వాసనా తక్కువ. ఉబ్బసం ఉన్నవారూ, గర్భవతులూ, పసిపిల్లలూ ఉన్న ఇంటికి నేను చెప్పేది ఇదే. రెండు పూతల రంగుకంటె ముఖ్యమైనది ఒకటుంది. తలుపు కింది అంచు, కోసిన కొనలు, మూల కీళ్ళు. నీళ్ళు ఎక్కేది అక్కడినుంచే. తలుపు ఊడదీసి కింది అంచుకు రంగు వేసే పెయింటరు దొరికితే అతన్ని వదులుకోకండి.

టేకు ఉయ్యాల బల్లకూ, అరుగుమీద బల్లకూ రంగు లేకపోయినా నష్టం లేదు. టేకులో సహజంగా ఉండే నూనె దాన్ని కాపాడుతుంది, రంగు మాత్రం వెలుస్తుంది. నలుపు తిరగకూడదనుకుంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు అవిసె నూనె పలచగా రాసి, మిగిలింది తుడిచేయండి. గడపకు నా సలహా ఇంకా పాతది. రంగు వద్దు. నూనె పట్టించిన కర్రమీద వారం వారం మంచి పసుపు. కాదూ, పెయింటే కావాలంటే 90 అంకె చూసి నీళ్ళ రకం కొనండి.

వేసిన రంగు ఎప్పుడు మార్చాలో తెలుసుకోవటానికి గిబ్సన్ నాటి పరీక్షే చాలు. అరచెయ్యి తడిచేసి కటకటాలమీద రుద్దండి. చేతికి పిండి అంటితే కడిగించి కొత్తపూత వేయించే వేళ వచ్చినట్టే.

పల్లెవైద్యం లాంటి పూతలు

చెదలు పట్టకుండా వాడేసిన ఇంజన్ ఆయిలు పూయటం మన వైపు సర్వసాధారణం. పెరటి గుంజలకూ, పశువుల పాక స్తంభాలకూ పూస్తారు. అందులోనూ, తారులోనూ, రైలు స్లీపర్లకు పట్టించే క్రియోసోటులోనూ క్యాన్సరు తెచ్చే పదార్థాలున్నాయి. చర్మానికి తగిలి ఎండపడితే మంటలూ మచ్చలూ వస్తాయి. పాత రైలు స్లీపరు చౌకగా దొరికిందని వరండాలో బల్ల చేయించుకునేవారున్నారు. కూర్చునే చోటుకు అది పనికిరాదు.

జీడిపిక్కల పెంకు నూనె కూడా అంతే. పడవల చెక్కకు చక్కగా పనిచేసే మాట నిజమే. కాని పచ్చిగా చర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి. బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడివల్ల మెడమీద దురద వచ్చిన వారికి ఆ బాధ తెలుసు, రెండూ ఒక కుటుంబానివే.

ఆకుపచ్చని ఛాయతో కార్ఖానాలో మందు పట్టించిన కర్ర ఒకటి వస్తుంది. రాగి, క్రోమియం, పాషాణం కలిపిన ఆ మందును 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో కనిపెట్టినవాడు సొంఠి కామేశం. ఇంటిపేరు చూస్తేనే తెలుగువాడని తెలుస్తుంది. దానితో ప్రపంచమంతటా స్తంభాలు దశాబ్దాలు నిలిచాయి. అయితే పాషాణం కొద్దికొద్దిగా చేతులకు అంటుతుందన్న భయంతో అమెరికాలో ఇళ్ళ అవసరాలకు, పిల్లల ఆటస్థలాలకు 2003 చివరితో దీన్ని మానుకున్నారు. స్తంభానికి మంచిదే. ఉయ్యాలకూ, భోజనాల బల్లకూ వద్దు. ముక్కలు మిగిలితే పొయ్యిలో పెట్టవద్దు, పాషాణమంతా పొగలోనూ బూడిదలోనూ ఉంటుంది.

డబ్బా మూసేముందు

అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండలా చుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకుంటుంది. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్ళలో నానబెట్టండి.

మిగిలిన టర్పెంటైన్, థిన్నరు, కిరసనాయిలు సోడా సీసాల్లోనూ కూల్‌డ్రింకు సీసాల్లోనూ పోసి పెట్టకండి. పిల్లవాడు నీళ్ళనుకుని తాగుతాడు. ఒకవేళ తాగితే వేలు పెట్టి వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్ళు పట్టవద్దు. కడుపులోకి పోయిన దానికంటె, వాంతిలో పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోయిన నాలుగు చుక్కలే ప్రాణాంతకం. తడిసిన బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బుతో కడిగి వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. పిల్లవాడు హుషారుగానే కనిపించినా దగ్గు, ఆయాసం తరువాత మొదలు కావచ్చు, కనీసం ఆరు గంటలు డాక్టరు కళ్ళముందు ఉంచాలి. వెళ్ళేటప్పుడు ఆ సీసా కూడా వెంట పట్టుకెళ్ళండి.